నెల్లూరు నుంచి లేహ్ దాకా, ఆ పైకి: దూరప్రయాణానికి బండి ఎంచుకోవడం, స్పాన్సర్‌తో మాట్లాడుకోవడం

లడఖ్‌కో నేపాల్‌కో ఇంకా దూరానికో బండి మీద పోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ బండి తీసుకోమంటారన్నా?" అని. ఆ వెంటనే "ఎవరైనా స్పాన్సర్ చేస్తారా?" అని. నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం, ఎక్కడివాళ్లయినా ఇవే రెండు ప్రశ్నలు. నేను చెప్పేది ఒక్కటే. మీ దారిలో అన్నిటికంటే కష్టమైన రోజు ఏదో అది చూసి బండిని ఖాయం చేసుకోండి. ఆ బండి మీద కొన్ని నెలలు తిరిగాక స్పాన్సర్ గుమ్మం ఎక్కండి. ఈ వరస తిరగబడితే ఎవరో ఇచ్చిన బండికి తగ్గట్టు దారినీ, ఎవరో పెట్టిన గడువుకు తగ్గట్టు ప్రాణాన్నీ సర్దుకోవాల్సి వస్తుంది.

ముందు దారిని కాగితం మీద పెట్టండి

షోరూముకు పోకముందే తెల్లకాగితం తీసుకుని మొత్తం దారి రాయండి. బాగున్న రోడ్డు గురించి బెంగ వద్దు, దాని మీద ఏ బండైనా పోతుంది. రోడ్డే లేని ముక్క ఎక్కడుంది, రెండు బంకుల మధ్య ఎక్కువలో ఎక్కువ దూరం ఎంత, అన్నిటికంటే ఎత్తయిన చోటు ఏది, వేడి ఎక్కడ ఎక్కువ, బండి ఆగిపోతే దగ్గరి సర్వీస్ సెంటర్ ఎంత దూరం, ఈ అయిదూ గుర్తించండి.

మనాలి–లేహ్ దారినే తీసుకుందాం. ఆ దారిలో తండి అనే ఊళ్లో బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల అవతల అని రాసిన బోర్డు బండ్లమీద వెళ్లేవాళ్లందరికీ తెలుసు. లీటరుకు 30 ఇచ్చే బండికి 12 లీటర్ల ట్యాంకు ఉంటే లెక్కప్రకారం 360. ఘాట్లలో తక్కువ గేర్లతో లాగేటప్పుడు ఆ 30 కాస్తా 24, 25కి దిగుతుంది. అంటే అయిదు లీటర్ల క్యాను వెంట కట్టుకోక తప్పదు. పెద్ద ట్యాంకు ఉంటే ఆ బాధ లేదు. ట్యాంకు సైజును ఇలా దారిని బట్టి లెక్కగట్టాలి.

ఎత్తు సంగతి కూడా అంతే. లేహ్ పైనున్న ఖర్దుంగ్ లా కనుమ బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులు అని రాసి ఉన్నా, కొలిస్తే తేలింది సుమారు 17,580. అంత ఎత్తులో గాలి ఒత్తిడి మన మైపాడు సముద్రపు ఒడ్డున ఉండేదాంట్లో దాదాపు సగమే. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి పెట్రోలు పాళ్లు తగ్గించుకుని సర్దుకుంటుంది గానీ లేని గాలిని తెచ్చుకోలేదు. ఇక్కడ 20 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను అక్కడ పది, పన్నెండు ఇస్తుంది. ఒక్కరే పోతుంటే అది చాలు. వెనక మనిషి, రెండు పక్కలా బ్యాగులు ఉంటే చాలదు.

ఇంకో నిర్ణయం కూడా ఇక్కడే తీసుకోవాలి. నెల్లూరు నుంచి ఢిల్లీకి సుమారు రెండు వేల కిలోమీటర్లు, దాదాపు అంతా నాలుగు వరసల రోడ్డే. ఆ దూరం నడుపుకుంటూ పోతారా, బండిని రైల్లో పంపి అక్కడినుంచి మొదలుపెడతారా? రైల్లో పంపేట్టయితే చిన్న, తేలిక బండి ఎంచుకునే వీలు దొరుకుతుంది, ఎందుకంటే పెద్ద ఇంజను అవసరమయ్యేది ముఖ్యంగా ఆ హైవే కోసమే. అదే రైల్లో మీకు టికెట్ ఉంటే లగేజీ కింద, లేకపోతే పార్సిల్ కింద తీసుకుంటారు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి. ఆర్‌సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు ఇవ్వాలి. హ్యాండిలు, ట్యాంకు, లైట్లు గోనెపట్టాతో గట్టిగా చుట్టించాలి. రైలు ఒకటి రెండు నిమిషాలే ఆగే స్టేషన్లో ఈ పని పెట్టుకోకండి. విజయవాడో చెన్నైయో పోయి ఎక్కించడం నయం.

బరువు చూడండి, తర్వాతే సీసీలు

షోరూములో హార్స్‌పవర్ గురించి చెప్తారు, స్క్రీను గురించి చెప్తారు. బరువు గురించి మీరే అడగాలి. ఇసుకలో, బురదలో, ఏటి రాళ్లలో బండి పడిపోవడం మామూలే. లేపేవాళ్లు ఎవరూ ఉండరు. లగేజీతో సహా బండిని మీరొక్కరే లేపగలిగితేనే అది మీ బండి.

మన దగ్గర సర్వీసు దొరికే వాటిలో కొన్ని చూడండి. హీరో ఎక్స్‌పల్స్ 200 ఫోర్ వాల్వ్ దాదాపు 159 కిలోలు, ట్యాంకు 13 లీటర్లు, సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, నేలకూ ఇంజనుకూ మధ్య 220. సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 167 కిలోలు, 12 లీటర్లు, సీటు 835, నేల నుంచి 205. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, 17 లీటర్లు, సీటు 825, నేల నుంచి 230, శక్తి దాదాపు 40 హార్స్‌పవర్. పాత హిమాలయన్ 411 ఇంకా బరువు, 199 కిలోలు, శక్తి మాత్రం 24 హార్స్‌పవరే. అయితే సీటు 800 మిల్లీమీటర్లే కాబట్టి పొట్టివాళ్లకు అనువు.

నా అభిప్రాయం అడిగితే: ఒక్కరే, తారు వదిలేసి ఎక్కువ తిరిగేవాళ్లకు ఎక్స్‌పల్స్. ఇద్దరు కూర్చుని, సామానుతో, హైవే కూడా కలిసిన ప్రయాణమైతే హిమాలయన్ 450. తారు రోడ్డు మీదే దేశమంతా తిరగాలి, మధ్యలో కొంచెం కంకర వస్తే చాలనుకునేవాళ్లకు వీ-స్ట్రామ్. ఇక ఇంట్లో ఇప్పటికే పల్సరో అపాచీయో ఉండి, ఒక్కసారి లేహ్ చూసి రావాలన్నదే కోరికైతే కొత్త బండి కొనకండి. అదే బండికి మంచి టైర్లు, కొత్త చైన్ స్ప్రాకెట్ వేయించి వెళ్లండి. మిగిలిన డబ్బు మంచి హెల్మెట్‌కూ బూట్లకూ పెట్టండి. కొత్త బండి కొనేవాళ్లు కూడా మొత్తం బడ్జెట్‌లో సగానికి మించి బండికి పెట్టొద్దు.

శక్తి చాలదేమోనని భయపడేవాళ్లకు ఒక సంగతి. 2021 డిసెంబరులో సంతోష్ విజయ్ కుమార్, డీన్ కాక్సన్ అనే ఇద్దరు దక్షిణ ధ్రువానికి చేరింది ఆ 24 హార్స్‌పవర్ హిమాలయన్ 411ల మీదే. ఇంజను పెద్దది చేయలేదు. ముందు స్ప్రాకెట్‌కు 15 పళ్లుంటే 13 పళ్లది వేశారు, దాంతో వేగం తగ్గి లాగుడు పెరిగింది. మంచుకు తగ్గ టైర్లు వేశారు, కరెంటు ఎక్కువ పుట్టే ఆల్టర్నేటర్ పెట్టారు. దారి ఏం అడిగిందో అంతే మార్చారు.

సీటు ఎత్తు విషయంలో రెండు పాదాలూ పూర్తిగా ఆనాలని పట్టుబట్టక్కర్లేదు. రెండు పాదాల ముందుభాగం ఆనినా, ఒక పాదం పూర్తిగా ఆనినా చాలు. అయితే చూడాల్సింది షోరూము చలువరాళ్ల మీద కాదు. ఒక పక్కకు వాలిన మట్టిరోడ్డు మీద, బ్యాగులు కట్టి, బూట్లు వేసుకుని చూడండి. అమ్మాయిలకు "నీకు స్కూటీ చాలు" అని చెప్పే పెద్దలుంటారు. పట్టించుకోకండి. సీటు ఫోము తగ్గించుకుంటే చాలామందికి సరిపోతుంది. వెనక సస్పెన్షన్ లింకు మార్చి బండినే కిందకి దించడం మాత్రం మంచిది కాదు, నేల నుంచి ఉండే ఎత్తు పోతుంది, స్టాండు కూడా సరిగా నిలవదు.

మన నెల్లూరు, ప్రకాశం వైపే పరీక్ష పెట్టండి

షోరూమువాళ్లు ఇచ్చే రెండు కిలోమీటర్ల టెస్ట్ రైడ్‌లో తెలిసేదేమీ లేదు. చెన్నైలోనో బెంగళూరులోనో అదే మోడల్‌ను రెండు రోజులు అద్దెకు తీసుకోండి, లేదా తెలిసినవాళ్ల బండి అడగండి. అద్దె బండైతే దాన్ని రోడ్డు వదిలి నడపడానికి ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి. ఒప్పుకోకపోతే కింద చెప్పే హైవే, ఘాటు, వేడి మూడూ దాని మీద చూసుకుని, మిగతావి తెలిసినవాళ్ల బండి మీదో కొన్నాక మీ బండి మీదో చేయండి. ప్రపంచంలో ఎదురయ్యే దార్లలో మంచు తప్ప మిగతావన్నీ మనకు ఒక రోజు దూరంలోనే ఉన్నాయి.

హైవేతో మొదలుపెట్టండి. నెల్లూరులో ట్యాంకు నిండా కొట్టించి, తీసుకెళ్లబోయే సామానంత బరువు కట్టి, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒంగోలు పోయి రండి. రానూపోనూ సుమారు 240 కిలోమీటర్లు. పోయేటప్పుడు 60 దాటొద్దు, వచ్చేటప్పుడు హైవే అనుమతించినంత వేగంతో రండి. ఒంగోల్లో ఒకసారి, తిరిగొచ్చాక ఇంకోసారి ట్యాంకు నింపితే రెండు వేగాలకూ అసలు మైలేజీ మీ చేతికొస్తుంది. కంటైనర్ లారీని దాటేటప్పుడు బండి ఎంత ఊగుతోంది, సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి హ్యాండిలు ఎంత తేలికైపోతోంది గమనించండి. వెనక ఎత్తుగా పెట్టె కడితే ఈ ఊగుడు బాగా ఎక్కువవుతుంది. అరచేతులు తిమ్మిరెక్కాయా, నడుము పట్టిందా అన్నది రెండో వంద కిలోమీటర్లలోనే తెలుస్తుంది.

తర్వాత ఇసుక. మైపాడు, కోడూరు వైపు తీరం వెనక ఉండే ఇసుక బాటలు చాలు. వలలు ఆరేసే చోటికి, పడవలు లాగే చోటికి పోవద్దు. చలికాలం చివర్లో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో తీరం మీదికి బండి అసలు దించొద్దు. టైర్లలో గాలి 18, 20 పీఎస్ఐకి తగ్గించి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌పెగ్గుల మీద నిలబడి, చూపు దూరంగా పెట్టి, యాక్సిలరేటర్ వదలకుండా నడపండి. ఆపేసి, బ్యాగులతో సహా బండిని మెల్లగా పక్కకు పడుకోబెట్టండి. ఇప్పుడు లేపాలి. కుడివైపు పడితే ముందే సైడు స్టాండు తీసిపెట్టండి, బండి ఫస్ట్ గేర్లో ఉండాలి. బండికి వీపు పెట్టి సీటు అంచుకు నడుము ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రెయిలు పట్టుకుని, కాళ్లతో నెడుతూ చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. నడుముతో ఎత్తబోతే పట్టేస్తుంది. వరసగా మూడుసార్లు లేపి చూడండి. మూడోసారి చేతకాకపోతే సామాను తగ్గించండి, లేదంటే బండి మార్చండి. ఇంటికి రాగానే గాలి నింపి, ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగి, చైనుకు నూనె రాయండి.

నల్లరేగడి పరీక్ష బయటివాళ్లకు తెలియనిది. వాన పడిన మర్నాడు టంగుటూరు, కొండపి వైపు పొగాకు చేల మధ్య డొంకల్లోకి దిగండి. నూరు గజాలు పోయేసరికి బంకమట్టి చక్రానికి పట్టి, ముందు మడ్‌గార్డు టైరుకు దగ్గరగా ఉన్న బండ్లలో చక్రం తిరగకుండా బిగుసుకుపోతుంది. మడ్‌గార్డు ఎత్తుగా, ముక్కులా పైకి ఉన్న బండికి ఈ కష్టం చాలా తక్కువ. ఎక్స్‌పల్స్‌కు ఆ ఎత్తు మడ్‌గార్డు ఎందుకుందో అక్కడ అర్థమవుతుంది. రేడియేటరు ఉన్న బండైతే దాని రెక్కల మధ్య మట్టి ఎంత చేరిందో చూడండి. అదే మట్టి ఎండి గాలి అడ్డుకుంటే ఇంజను వేడెక్కుతుంది.

ఘాటుకు రాపూరు–చిట్వేలి దారి ఒకటి, దోర్నాల నుంచి శ్రీశైలం దారి ఇంకొకటి. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా రెండో, మూడో గేర్లో ఇంజనుతోనే ఆపుకుంటూ రండి. కిందికొచ్చాక బ్రేకు లీవరు మెత్తబడిందా చూడండి. దోర్నాల దారి పులుల అభయారణ్యంలోది. రాత్రిపూట అటవీశాఖ వాళ్లు రాకపోకలు ఆపేస్తారు, రోడ్డు దిగి అడవి బాటలు పట్టడం నేరం. కంకర, గులకరాళ్ల కోసం అడవి అక్కర్లేదు, ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ల మధ్య మట్టిబాటలు చాలు.

ఇక వేడి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం నెల్లూరు ట్రంకు రోడ్డు రద్దీలో అరగంట నడిపి చూడండి. లిక్విడ్ కూలింగ్ బండిలో ఫ్యాను తిరగడం మామూలే. ఆ వేడి గాలి మీ కాళ్ల మీదికి వస్తోందా, క్లచ్ పట్టు మారుతోందా, న్యూట్రల్ పడటం కష్టమవుతోందా, ఇవి చూడాలి. గాలితో, ఆయిలుతో చల్లబడే బండ్లు రద్దీలో కొంచెం మొరాయిస్తాయి గానీ పగిలిపోయే గొట్టాలు, కారిపోయే కూలెంటు వాటికి లేవు. దూరప్రాంతాల్లో అది చిన్న లాభం కాదు.

చక్రాలు, బ్రేకులు, కరెంటు

అల్లాయ్ చక్రం గుంతలో గట్టిగా పడితే పగలొచ్చు, పగిలితే దారిలో చేసేదేమీ లేదు. పుల్లల (స్పోక్) చక్రం వంగుతుంది, సైకిల్ షాపువాడు కూడా నాలుగు పుల్లలు బిగించి నడిచేలా చేయగలడు. కానీ పుల్లల చక్రాల్లో చాలావాటికి ట్యూబు ఉంటుంది. పంక్చరైతే చక్రం ఊడదీయాలి. టైరు లీవర్లు, రెండు ట్యూబులు, చిన్న పంపు వెంట ఉండాలి, ఇంటి దగ్గర ఒకసారైనా మీ చేత్తో మీరే చక్రం తీసి ట్యూబు మార్చి ఉండాలి. చోటు తక్కువైతే ముందు చక్రానికి సరిపోయే 21 అంగుళాల ట్యూబు ఒక్కటే పెట్టుకోండి, అవసరానికి మడిచి వెనక చక్రంలో కూడా వేసుకుని ఊరు చేరొచ్చు. పుల్లల్లోనే ట్యూబ్‌లెస్ దొరికే మోడలుంటే కొంచెం ఎక్కువైనా తీసుకోండి.

కంకర దిగుడులో వెనక ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఆపుకునే వీలుండాలి. హిమాలయన్ 450లో ఉంది, వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్‌లో లేదు. రోడ్డు దిగనివాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన సంగతి కాదు.

ఫాగ్ లైట్లు, ఫోను, కెమెరా ఛార్జర్లు అన్నీ పెట్టేముందు ఆల్టర్నేటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో యజమాని పుస్తకంలో చూడండి. స్పాన్సర్ కోసం వీడియోలు తీసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బండి అదురుకు ఫోన్ కెమెరా లోపలి స్టెబిలైజర్ దెబ్బతినొచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. అదురు మింగే మౌంటు వాడండి, దారి చూపించడానికి పాత ఫోను పెట్టుకోండి.

అదే యజమాని పుస్తకంలో మొత్తం ఎంత బరువు మోయొచ్చో కూడా ఉంటుంది. మీరు, వెనక మనిషి, బ్యాగులు, పెట్రోలు క్యాను, ఇనప క్యారియర్, క్రాష్ గార్డులు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

స్పేర్ల కౌంటర్ దగ్గర ఒక గంట

బండికి అడ్వాన్సు ఇవ్వకముందే సర్వీస్ సెంటర్లో స్పేర్ల కౌంటర్‌కు పోండి. క్లచ్ కేబులు, క్లచ్ ప్లేట్లు, బ్రేకు ప్యాడ్లు, ఫోర్క్ ఆయిల్ సీళ్లు, చైన్ స్ప్రాకెట్ సెట్టు, రెగ్యులేటర్ రెక్టిఫయర్, రేడియేటర్ గొట్టం. ఒక్కొక్కదానికి ధర ఎంత, ఇప్పుడు ఉందా, లేకపోతే ఎన్ని రోజులకు వస్తుంది అని అడిగి రాసుకోండి. నెల్లూరులోనే పదిహేను రోజులు పట్టే భాగం హిమాచల్ కొండల్లోని స్పితిలో దొరుకుతుందనుకోవద్దు. ఈ చీటీ చూసి బండి మార్చుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లు చేసింది సరైన పని.

పాత బండి కొనేట్టయితే హిమాలయన్ 411లు మార్కెట్లో బాగానే దొరుకుతాయి. ముందు ఫోర్కు కడ్డీల మీద గీతలు, ఆయిలు చెమ్మ ఉన్నాయా, హ్యాండిలు మధ్యలో పట్టినట్టు ఆగుతోందా (కోన్ సెట్టు అరిగితే అలా ఆగుతుంది), పుల్లలు వదులయ్యాయా, ఫ్రేము మీద కొత్తగా వెల్డింగు చేసి రంగు పూశారా చూడండి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ తీరిందా, చలానాలు బాకీ ఉన్నాయా అన్నది ఎంపరివాహన్ యాప్‌లో తెలుస్తుంది. 2023 కంటే ముందరి బండైతే ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు దాని రబ్బరు గొట్టాలకు పడుతుందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగండి. ఇంజను కంప్రెషన్ నిష్పత్తి (లోపలికొచ్చిన గాలి, పెట్రోలును ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) 411కు 9.5, కొత్త 450కి 11.5. నాసిరకం పెట్రోలు దొరికే దేశాలకు పోయేవాళ్లకు తక్కువ నిష్పత్తి ఉన్న పాత ఇంజనే ఓర్చుకుంటుంది.

బండి చేతికొచ్చాక మొదటి సర్వీసు అయి, కనీసం రెండు వేల కిలోమీటర్లు తిరిగాకే దూరం పోండి. క్యారియర్లు, లైట్లు అన్నీ బయల్దేరే ముందురోజు బిగించే అలవాటు మానండి.

ఇప్పుడు స్పాన్సర్ దగ్గరికి

2004లో ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే నటులు లండన్ నుంచి న్యూయార్క్‌కు తూర్పువైపుగా బయల్దేరారు. వాళ్లు మొదట కోరుకున్న కేటీఎం కంపెనీ కాదంది. బీఎండబ్ల్యూ ఇస్తానంది. అలా ఖాళీగానే 250 కిలోలు దాటే బండ్లు వచ్చాయి. మంగోలియా బురదలో ఆ బరువుతో వాళ్లు పడిన పాట్లు లోకమంతా చూసింది. వెంట ఉన్న కెమెరామన్ బండి పాడైతే అతను అక్కడ దొరికిన చిన్న రష్యన్ బండి మీదే ముందుకు సాగాడు. వాళ్ల వెనక సహాయ వాహనాలున్నాయి, డబ్బుంది. మనకు అవేవీ ఉండవు కాబట్టి మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

పెద్ద కంపెనీలకు మెయిళ్లు పెట్టి కూర్చోవడం కంటే దగ్గర్లో మొదలుపెట్టండి. మన దగ్గర రొయ్యల మేత వ్యాపారులున్నారు, చీమకుర్తి గ్రానైటువాళ్లున్నారు, టైర్ల డీలర్లు, ప్రైవేటు కాలేజీలు, ఆసుపత్రులు ఉన్నాయి. వాళ్లకు మీ ఊరు తెలుసు, మీ నాన్న తెలుసు. ఒక్క పేజీ కాగితం తీసుకెళ్లండి. దారి, తేదీలు, ఎంతమంది, ఇంతకుముందు ఏ ప్రయాణాలు చేశారు, వాళ్ల పేరు ఎక్కడ కనిపిస్తుంది, వాళ్లనుంచి ఖచ్చితంగా ఏం కావాలి, అంతే. "ఏమైనా సాయం చేయండి" అంటే ఎవరూ చేయరు. "రెండు టైర్లు, బయల్దేరే ముందు పూర్తి సర్వీసు" అంటే అవతలివాళ్లకు లెక్క తెలుస్తుంది, త్వరగా ఒప్పుకుంటారు.

ఎవరిచ్చినా మాట కాగితం మీదికి రావాలి. వాతావరణం, ఆరోగ్యం, రోడ్డు బాగాలేనప్పుడు ఆగే నిర్ణయం నడిపేవాళ్లదే అని మొదటి వాక్యంగా రాయించండి. రోజుకు ఇన్ని కిలోమీటర్లు, ఫలానా తేదీకి చేరాలి అన్న షరతు ఒప్పుకోవద్దు. ఫొటోలు, వీడియోలు ఎవరివి, ఎంతకాలం వాడుకుంటారు, ఇంకో కంపెనీ పేరు పెట్టుకోవచ్చా, మధ్యలో ఆగితే ఏం తిరిగివ్వాలి, ఇవి కూడా ఉండాలి. డబ్బు ఇచ్చేట్టయితే సగం బయల్దేరేముందే మీ ఖాతాలో పడాలి. స్టిక్కర్లు సరే గానీ, బండి రంగే మారిపోయేలా మొత్తం చుట్టేస్తామంటే ఆర్‌సీలో రంగు మార్పు నమోదు చేయించాకే ఒప్పుకోండి. నంబరు ప్లేటు, లైట్లు కప్పడం అసలు కుదరదు.

బీమా దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. మామూలు టూవీలర్ పాలసీ వ్యవస్థీకృత రేసులకు, వేగ పరీక్షలకు, బండి సత్తా చూపే ట్రయల్స్‌కు వర్తించదు. స్పాన్సర్ మీ ప్రయాణాన్ని "రికార్డు", "ఇన్ని గంటల్లో" అని ప్రచారం చేస్తే, రేపు క్లెయిము దగ్గర ఆ పోస్టరే మీకు అడ్డం రావచ్చు. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పి జవాబు తీసుకోండి. రెండోది ఇంకా ముఖ్యం. పాలసీలో తప్పనిసరిగా ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి యజమాని నడుపుతున్నప్పుడే వర్తిస్తుంది. బండి కంపెనీ పేరు మీద ఉంటే మీరు యజమాని కాదు, ఆ 15 లక్షలు మీ ఇంటికి రావు. కాబట్టి అరువు బండి ఎక్కేముందు మీ పేరున వేరే ప్రమాద బీమా, ఆరోగ్య బీమా ఉండి తీరాలి. ఖర్చు స్పాన్సర్ పెట్టుకోవాలని అడగడంలో తప్పేమీ లేదు.

దేశం దాటేట్టయితే ఆర్‌టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. నేపాల్‌కు సరిహద్దులో రోజుల లెక్కన భన్సార్ అనే కస్టమ్స్ రుసుము కడితే చాలు. భూటాన్‌లో మన పౌరులకు రాత్రికి రూ.1,200 రుసుము ఉంది. చాలా దూరదేశాలకు బండి తీసుకుపోవాలంటే ఆటోమొబైల్ అసోసియేషన్ ఇచ్చే కార్నే అనే కస్టమ్స్ పుస్తకం, దానికి పెద్ద పూచీకత్తు కావాలి. బండి కంపెనీ పేరు మీద ఉంటే, మీరు సరిహద్దు దాటించడానికి అనుమతిస్తూ నోటరీ చేసిన ఉత్తరం ఇంగ్లీషులో ఉండాలి. మోటారు బీమాను నేపాల్, భూటాన్ లాంటి పొరుగు దేశాలకు కొంచెం ప్రీమియం కట్టి పొడిగించుకోవచ్చు.

పన్ను సంగతి చివర్లో గుర్తొస్తుంది, ముందే తెలుసుకోండి. వ్యాపారం, వృత్తి కింద ఎవరికైనా ఏడాదిలో రూ.20,000 దాటిన వస్తువో సౌకర్యమో ఇస్తే ఇచ్చేవాళ్లు 10 శాతం పన్ను మినహాయించి కట్టాలన్న నిబంధన 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. జాకెట్టు, కెమెరా, బండి ఏదైనా మీ దగ్గరే ఉండిపోతే అది మీ ఆదాయమే. వాడి తిరిగిచ్చేస్తే ఆ లెక్కలోకి రాదు. అందుకని ఒప్పందంలో ప్రతి వస్తువు పక్కన "ఇచ్చినది" అనో "వాడి తిరిగివ్వాల్సినది" అనో రాయించండి.

అరువు బండి తీసుకునే రోజున మీటరు రీడింగు, టైర్ల అరుగుదల, గీతలు, సొట్టలు అన్నీ పగటి వెలుగులో ఫొటోలు తీసి అదే రోజు వాళ్లకు పంపండి. తిరిగి అప్పగించే రోజునా అలాగే చేసి, "బండి, తాళాలు, ఆర్‌సీ అందాయి" అని తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ కాగితం మీ ఆడిటర్‌కు ఒక ప్రతి, మీ ఫైల్లో ఒక ప్రతి.